ఎడ్వర్డ్ ఫిట్జెరాల్డ్, ఉమర్ ఖయ్యాం రుబాయీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎడ్వర్డ్ ఫిట్జెరాల్డ్ ఎవరు?

విక్టోరియా రాణి కాలం నాటి ఆంగ్ల కవి, అనువాదకుడు. 1809 మార్చి 31న ఇంగ్లండు తూర్పు ప్రాంతంలోని సఫోక్‌లో, వుడ్‌బ్రిడ్జ్ పట్టణానికి దగ్గర్లోని బ్రెడ్‌ఫీల్డ్‌లో పుట్టాడు. 1883 జూన్ 14న చనిపోయాడు. పారశీక గణిత శాస్త్రవేత్త ఉమర్ ఖయ్యాం పేరుతో ప్రచారంలో ఉన్న నాలుగు పాదాల పద్యాలను 1859లో ఇంగ్లీషులోకి తెచ్చాడు. ఆ పద్యాలనే రుబాయీలంటారు. ఇంగ్లీషులో ఇంత ప్రజాదరణ పొందిన అనువాద కావ్యం మరొకటి చూపించడం కష్టం. ఆ పుస్తకం మీద మాత్రం ఆయన తన పేరు వేసుకోలేదు.

ఆయనను కవి అనాలా, అనువాదకుడు అనాలా?

రెండూ అనాలి. అయితే కవి అన్న మాట ముందు రావాలని నా అభిప్రాయం. సొంతంగా రాసినది తక్కువే. 1831లో పేరు లేకుండా అచ్చయిన వసంతకాలపు పద్యం ఒకటి చదివి, అది అప్పటి ప్రసిద్ధ రచయిత చార్లెస్ లాంబ్ రాసిందని కొందరు అనుకున్నారు. అంతటి చేయి ఉండి కూడా ఆయన సొంత గొంతుతో ఎక్కువ రాయలేదు. మరొకరి పద్యం ముందుంటే తప్ప ఆయనలోని కవి నిద్ర లేచేవాడు కాదు. ఖయ్యాంతో కలిసినప్పుడు మాత్రం ఆ ఇద్దరిలో ఎవరికి వారుగా ఉన్నప్పుడు కనిపించని కవిత్వం ఒకటి పుట్టింది. ఆయన చేసిన పనిని నేను ఈ దృష్టితోనే చూస్తాను, కింది జవాబులన్నిటికీ ఇదే ఆధారం.

ఆయన కుటుంబ నేపథ్యం ఏమిటి?

పుట్టినప్పుడు ఇంటిపేరు పర్సెల్. తల్లి మేరీ ఫ్రాన్సెస్ ఫిట్జెరాల్డ్ గొప్ప ఆస్తిపరురాలు. 1818లో మామగారు చనిపోయాక తండ్రి ఆ ఇంటిపేరు తీసుకోవడంతో పిల్లలందరూ ఫిట్జెరాల్డులయ్యారు. బాల్యంలో కొంతకాలం పారిస్‌లో గడిపారు. తర్వాత బెరీ సెయింట్ ఎడ్మండ్స్ పాఠశాల, ఆపైన కేంబ్రిడ్జ్‌లోని ట్రినిటీ కళాశాల. 1830లో పట్టా పుచ్చుకున్నాడు. జీవితంలో ఉద్యోగం చేయాల్సిన అవసరం రాలేదు.

ఇంత కలిమి ఉన్నా పేదవాడిలా బతికాడు. బౌల్జ్‌లో కుటుంబానికి పెద్ద భవంతి ఉంటే, దాని ఆవరణ అంచున ఉన్న చిన్న కుటీరంలో పదహారేళ్ల దాకా కాపురం ఉన్నాడు. మాంసం దాదాపు మానేసి రొట్టె, వెన్న, పండ్లు, టీతో గడుపుకునేవాడు. పుస్తకాలు, బొమ్మలు, సంగీతం, ఉత్తరాలు. ఇదే ఆయన దినచర్య.

పారశీకం ఎలా నేర్చుకున్నాడు?

ఎడ్వర్డ్ కోవెల్ అనే కుర్ర పండితుడి దగ్గర. ఫిట్జెరాల్డ్ కంటే కోవెల్ పదిహేడేళ్లు చిన్నవాడు. మొదట స్పానిష్ చదివించి, ఆ తర్వాత పారశీకంలోకి దించాడు. అప్పటికి ఫిట్జెరాల్డ్‌కు నలభై దాటాయి. సాదీ, హాఫిజ్, జామీ, అత్తార్ అంటూ ఒక్కొక్క పారశీక కవినీ నిఘంటువు పట్టుకుని చదువుతూ పోయాడు. జామీ కావ్యం ‘సలామాన్ అబ్సాల్’ను 1856లో ఇంగ్లీషులో అచ్చు వేయించాడు.

ఆ ఏడాదే కోవెల్ ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఒక రాతప్రతిని గుర్తించాడు. పదిహేనో శతాబ్దంలో షిరాజ్‌లో రాసిన ఆ ప్రతిలో ఖయ్యాం పేరిట 158 రుబాయీలున్నాయి. వాటికి నకలు రాసి స్నేహితుడి చేతిలో పెట్టి, కోవెల్ కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్యుడిగా చేరడానికి ఓడ ఎక్కాడు. అక్కడి ఏషియాటిక్ సొసైటీలో మరో ప్రతి దొరికితే దానికీ నకలు తీయించి 1857లో పంపాడు. అలా ఈ కావ్యానికి ఒక కాలు ఆక్స్‌ఫర్డ్‌లో, మరో కాలు కలకత్తాలో ఉన్నాయి. కోవెల్ తర్వాతి రోజుల్లో కలకత్తా సంస్కృత కళాశాలకు ప్రధానాచార్యుడై, 1867లో కేంబ్రిడ్జ్‌లో మొట్టమొదటి సంస్కృత ఆచార్యుడయ్యాడు. ఈ గురువు లేకపోతే రుబాయీలు లేవు. ఫిట్జెరాల్డ్ గురించి రాసేవారు కోవెల్‌ను ఒక వాక్యంతో దాటేయడం నాకు నచ్చదు.

రుబాయీలను ఎక్కడ, ఎలాంటి పరిస్థితుల్లో అనువదించాడు?

ఆయన జీవితంలో అన్నిటికంటే చేదుగా గడిచిన నెలల్లో. 1856 నవంబరులో లూసీ బార్టన్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఆమె ఆయన మిత్రుడు, క్వేకర్ అనే క్రైస్తవ శాఖకు చెందిన కవి బెర్నార్డ్ బార్టన్ కూతురు. కూతురికి ఏ లోటూ రానివ్వనని చనిపోతున్న మిత్రుడికి మాట ఇచ్చి, ఆ మాటకు కట్టుబడి చేసుకున్న పెళ్లి అది. ఇద్దరికీ పొసగలేదు. ఏడాది తిరగకుండానే విడిపోయారు. ఆమెకు మాత్రం జీవితాంతం భరణం ఇచ్చాడు. తప్పు తనదేనని ఆయన చెప్పుకున్న మాట నిజమే అనిపిస్తుంది: ఒంటరి బతుకుకు అలవాటు పడిన మనిషి, మర్యాదలూ విందులూ కోరుకునే ఇల్లాలితో సర్దుకోవడానికి ప్రయత్నం కూడా పెద్దగా చేయలేదు.

1857 వేసవిలో బెడ్‌ఫర్డ్‌లోని మిత్రుడు విలియం బ్రౌన్ ఇంట తలదాచుకున్నాడు. పసుపు పూలు పరుచుకున్న పచ్చిక మైదానంలో కూర్చుని ఖయ్యాంను చదువుతుంటే, పందెపు గుర్రప్పిల్ల ఒకటి బెదురుతూ దగ్గరికొచ్చి వాసన చూసి వెళ్లిందని కోవెల్‌కు రాశాడు. మొదట ఇంగ్లీషులోకి కాదు, మధ్యయుగపు మఠాల లాటిన్‌లోకి కొన్ని పద్యాలను మార్చాడు. ఆ లాటిన్ మెట్టు మీద కాలు మోపాకే ఇంగ్లీషు పద్యానికి చేరాడు. ఆ బ్రౌన్ గుర్రం మీంచి పడి, రెండు నెలలు నరకం అనుభవించి, 1859 మార్చిలో పోయాడు. రుబాయీల పుస్తకం అచ్చయిన రోజులు కూడా అవే.

పుస్తకం మొదట అమ్ముడుపోలేదంటారు, నిజమేనా?

నిజమే. 1858 జనవరిలో ముప్పై అయిదు పద్యాలను ఫ్రేజర్స్ పత్రికకు ఇచ్చాడు. ఏడాదిదాకా వాళ్లు వేయలేదు. వెనక్కి తీసుకుని, మరిన్ని కలిపి 75 పద్యాలతో తన డబ్బు పెట్టి 250 ప్రతులు ముద్రించుకున్నాడు. పాత పుస్తకాల వ్యాపారి బెర్నార్డ్ క్వారిచ్ పేరుతో, లండన్‌లో 1859లో వెలువడింది. ఎవరూ పట్టించుకోలేదు. చివరికి దుకాణం బయట పెన్నీకొకటి చొప్పున అమ్మే పెట్టెలోకి చేరింది.

1861లో విట్లీ స్టోక్స్ అనే ఐరిష్ న్యాయవాది ఆ పెట్టెలోంచి ప్రతులు కొని, ఒకటి కవి, చిత్రకారుడు రోసెట్టికి ఇచ్చాడు. రోసెట్టి చదివి మరో కవి స్విన్‌బర్న్‌కు చెప్పాడు. ఇద్దరూ దుకాణానికి పరుగెత్తారు. మర్నాడు మళ్లీ వెళ్లేసరికి పెన్నీ పుస్తకం రెండు పెన్నీలైందని స్విన్‌బర్న్ తర్వాత రాసుకున్నాడు. అక్కడినుంచి చేతులు మారుతూ పాకింది. కళా విమర్శకుడు రస్కిన్ 1863లో ‘ఉమర్ ఖయ్యాం అనువాదకుడికి’ అని ఒక ఉత్తరం రాసి, ఆ మనిషి ఎవరో తెలిసినప్పుడు అందించమని మిత్రురాలి చేతికిచ్చాడు. ఆ ఉత్తరం రచయిత కార్లైల్ ద్వారా ఫిట్జెరాల్డ్ చేతికి అందింది 1873లో, అంటే పదేళ్లకు. కార్లైల్ ఆయనకు ఎంతోకాలంగా మిత్రుడు. ఫిట్జెరాల్డ్ ఇంత పని చేశాడని కార్లైల్‌కూ అప్పుడే తెలిసింది.

మద్రాసులో కూడా అచ్చయిందా?

అయింది. చాలామందికి తెలియని సంగతి ఇది. పెన్నీ పెట్టెలోంచి పుస్తకాన్ని బయటికి తీసిన ఆ విట్లీ స్టోక్స్ 1862లో న్యాయవాద వృత్తి కోసం మద్రాసు వచ్చాడు. వచ్చిన ఏడాదే ఫిట్జెరాల్డ్ అనుమతి లేకుండా రుబాయీలను ఇక్కడ కొద్ది ప్రతులు ముద్రించి తెలిసినవారికి పంచాడు. కలకత్తా రివ్యూలో ఖయ్యాం మీద కోవెల్ రాసిన వ్యాసంలోని భాగాలను కూడా అందులో చేర్చాడు. లండన్‌లో రెండో ముద్రణ రావడానికి ఆరేళ్ల ముందే, తెలుగు జిల్లాలు కూడా భాగంగా ఉన్న రాష్ట్రపు రాజధాని నగరంలో ఈ కావ్యం మళ్లీ అచ్చయిందన్నమాట. ఈ స్టోక్స్ తర్వాత వైస్రాయి సభలో న్యాయ సభ్యుడయ్యాడు.

అనువాదం మూలానికి ఎంత దగ్గరగా ఉంది?

మాటకు మాట చూస్తే దూరం. ఎడ్వర్డ్ హెరన్ ఆలెన్ అనే పరిశోధకుడు పంతొమ్మిదో శతాబ్దం చివర్లో కూర్చుని 101 పద్యాల కావ్యాన్ని మూలంతో పోల్చి లెక్క కట్టాడు. 49 పద్యాలు ఒక్కో పారశీక రుబాయీకి భావానువాదాలు. 44 పద్యాలు రెండు మూడు రుబాయీలను కలిపి అల్లినవి. మిగిలిన కొద్దిపాటిలో అత్తార్, హాఫిజ్‌ల నీడలు కూడా ఉన్నాయి.

అందరికీ తెలిసిన పద్యాన్నే తీసుకుందాం. చెట్టు నీడ, రొట్టె, మధువు, కవితల పుస్తకం, పక్కన పాడుతూ నువ్వు. ఇంతకంటే స్వర్గం వేరే ఏముంది అన్నది ఆయన పద్యం. పారశీకంలో దీని వెనక రెండు రుబాయీలున్నాయి. ఒకదానిలో మంచి గోధుమ రొట్టె, రెండు మణుగుల మధువు, ఒక గొర్రె తొడ, పాడుబడిన చోట పక్కన కెంపు చెక్కిళ్ల సుందరి. ఈ సుఖం ఏ సుల్తానుకూ దక్కదంటాడు కవి. రెండోదానిలో ఎర్రని మధువు, ఒక కవితా సంపుటి, ప్రాణం నిలవడానికి సగం రొట్టె. ఫిట్జెరాల్డ్ రెండింటినీ కలిపాడు. మణుగుల లెక్క పోయింది, పాడుబడిన చోటు ఎడారి అయింది, చెట్టుకొమ్మ కొత్తగా వచ్చింది, సుల్తాను తప్పుకుని స్వర్గం వచ్చింది. గొర్రె తొడ మాయమైంది. మాంసం దాదాపు మానేసిన మనిషి కదా అని నవ్వుకోవచ్చు గాని, అసలు కారణం పద్యంలోనే ఉంది. పారశీక కవిది నోరూరించే విందు, ఈయన కోరుకున్నది నిరాడంబరమైన ఏకాంతం. మూలంలో లేనిది పద్యంలో ఉంది, మూలంలో ఉన్న రుచి పద్యంలో లేదు. రెండు మాటలూ ఒప్పుకోవాలి.

ఇంతకంటే పెద్ద మార్పు కూర్పులో ఉంది. పారశీక ప్రతుల్లో రుబాయీలను ప్రాస చివరి అక్షరాన్ని బట్టి అకారాదిగా పేరుస్తారు. విషయానికి వరుస ఉండదు. ఏ పద్యానికా పద్యం విడి, మన వేమన పద్యాల్లాగా. ఫిట్జెరాల్డ్ వాటిని ఒక రోజుగా మలిచాడు. తెల్లవారడంతో మొదలవుతుంది. కుండలు చేసేవాడి దుకాణం, రాజుల సమాధులు, విధి మీద తిరుగుబాటు దాటుకుంటూ చంద్రోదయంతో, బోర్లించిన ఖాళీ గిన్నెతో ముగుస్తుంది. పొద్దున నిబ్బరంగా మొదలుపెట్టిన వాడు తాగేకొద్దీ, ఆలోచించేకొద్దీ తెగించి దైవాన్ని నిలదీసి, రాత్రికి దిగులుతో చల్లబడతాడని ప్రచురణకర్తకు ఆయనే వివరించాడు. ఖయ్యాం రాయని కథ ఇది. దీన్ని కట్టడమే ఫిట్జెరాల్డ్ ప్రతిభ.

మరి దాన్ని అనువాదం అనవచ్చా?

అనవచ్చని ఆయన వాదన. అనువాదం కోసం తనంత శ్రమపడ్డవారు తక్కువని, అయితే ఆ శ్రమ మాటకు మాట దించడానికి కాదని కోవెల్‌కు రాశాడు. ఏం చేసైనా పద్యం బతికి ఉండాలి, గడ్డి కూరిన గద్ద కంటే ప్రాణమున్న పిచ్చుక మేలన్నది ఆయన తీర్పు. అంతకు ముప్పై ఏళ్ల ముందే వేమనను ఇంగ్లీషులోకి తెచ్చిన సి.పి. బ్రౌన్‌ది పూర్తిగా వేరే దారి. 1829 నాటి పుస్తకంలోనే తెలుగు మూలాన్ని పక్కన పెట్టి అర్థం వివరించాడు. బ్రౌన్ పుస్తకం వేమన దగ్గరికి వెళ్లడానికి దారి చూపిస్తుంది. ఫిట్జెరాల్డ్ పుస్తకం తన దగ్గరే కూర్చోబెట్టుకుంటుంది.

పారశీక కవుల మీద ఆయనకు చిన్నచూపు ఉండేదా?

ఉండేది. దాచిపెట్టడంలో అర్థం లేదు. ఈ పారశీకులతో ఇష్టం వచ్చినట్టు స్వేచ్ఛ తీసుకోవడం తనకు వినోదమని, భయపడాల్సినంత కవులు కారని, వారిని తీర్చిదిద్దడానికి కొంత కళ అవసరమని 1857లో రాశాడు. గ్రీకు కవి ముందు ఏ ఆంగ్లేయుడూ అనడానికి సాహసించని మాట ఇది. సామ్రాజ్యం నడుపుతున్న దేశంలో పుట్టినవాడి ధీమా అందులో ఉంది. హాఫిజ్‌నూ అత్తార్‌నూ ఎరిగిన పాఠకుడికి ఆ మాట గుచ్చుకుంటుంది, గుచ్చుకోవాలి కూడా. అయితే ఆయన స్వేచ్ఛ తీసుకున్నది పారశీకులతో మాత్రమే కాదు. స్పానిష్ రచయిత కాల్డెరాన్ నాటకాలనూ గ్రీకు నాటకకర్త ఈస్కిలస్ ‘అగమెమ్నాన్’నూ కూడా కోసి కుదించాడు. అలవాటు అందరి మీదా ఒకటే. ఆ అహంకారపు మాట మాత్రం పారశీకుల మీదే పడింది.

ఖయ్యాం మధువు సూఫీల దైవప్రేమకు సంకేతమా, మామూలు మధువేనా?

1867లో ఫ్రెంచి అనువాదకుడు నికొలా 464 రుబాయీలు అచ్చువేస్తూ ఇదంతా సూఫీ సంకేతమన్నాడు. మరుసటి ఏడాది తన రెండో ముద్రణ పీఠికలో ఫిట్జెరాల్డ్ దాన్ని ఖండించాడు: ద్రాక్షరసం ద్రాక్షరసమే. ఖయ్యాంలో ఆయన చూసింది సంశయవాదిని. వాదన నేటికీ తెగలేదు. పద్యాల్లో చాలావాటిని సూటిగా చదివితేనే బలంగా ఉంటాయని నాకు అనిపిస్తుంది.

ఆ పద్యాలన్నీ ఖయ్యాం రాసినవేనా?

కావు. ఖయ్యాం 1131లో పోయాడు. ఆయన బతికి ఉన్నప్పటి కవితా సంపుటి ఏదీ లేదు. తర్వాతి శతాబ్దాల్లో ప్రతి రాతప్రతిలోనూ పద్యాల సంఖ్య పెరుగుతూ పోయింది. ఖయ్యాం గణితంలో ఘన సమీకరణాలను, పంచాంగంలో 1079 నాటి జలాలీ సంస్కరణను ఎవరూ కాదనలేరు, పద్యాల సంగతే తేలదు. హైదరాబాదుకు చెందిన స్వామి గోవింద తీర్థ 1941లో వెలువరించిన గ్రంథంలో, ఖయ్యాం జన్మకుండలి వివరాలను లెక్కగట్టి ఆయన పుట్టినరోజు 1048 మే 18 అని తేల్చారు. ఇప్పుడు పుస్తకాల్లో కనిపించే తేదీ అదే.

ముద్రణల మధ్య తేడాలేమిటి? ఏది మంచిది?

1859లో 75 పద్యాలు. 1868లో 110. 1872, 1879 ముద్రణల్లో 101. ఆయన పోయాక 1889లో వచ్చిన అయిదోదానిలోనూ 101. ఎప్పటికప్పుడు చెక్కుతూనే ఉన్నాడు. మొదటి ముద్రణ మొదటి పద్యంలో, రాత్రి అనే గిన్నెలోకి ఉదయం రాయి విసిరి నక్షత్రాలను తరిమేస్తుంది. గిన్నెలో రాయి వేయడం ఎడారిలో గుర్రాలెక్కండని చెప్పే సంజ్ఞ అని ఆయన వివరణ ఇచ్చాడు. తర్వాతి ముద్రణల్లో ఆ రాయి పోయి మామూలు సూర్యుడు వచ్చాడు. ఆ ఒక్క మార్పు చాలు నా ఓటు మొదటి ముద్రణకు వేయడానికి.

ఆ ఛందస్సు ప్రత్యేకత ఏమిటి?

ఒకటి, రెండు, నాలుగు పాదాలకు అంత్యప్రాస. మూడో పాదం విడి. ఇది పారశీక రుబాయీ పద్ధతే. ఇంగ్లీషులో పది అక్షరాల పాదానికి దాన్ని ఆయన అమర్చాడు. మూడో పాదం ఆగి ఊపిరి తీసుకుంటుంది, నాలుగోది దెబ్బ కొడుతుంది. స్విన్‌బర్న్, తర్వాత అమెరికా కవి రాబర్ట్ ఫ్రాస్ట్ ఈ అల్లికను తమ పద్యాలకు వాడుకున్నారు.

సమకాలీన కవులతో ఆయన సంబంధాలు ఎలా ఉండేవి?

నవలాకారుడు థాకరే, కవి టెన్నిసన్ ప్రాణస్నేహితులు. టెన్నిసన్ పాత రోజులను గుర్తుచేసుకుంటూ ఆయనకు ఒక పద్యం అంకితం రాశాడు. అది చేరేలోపే ఫిట్జెరాల్డ్ వెళ్లిపోయాడు. బ్రౌనింగ్ సంగతి వేరు. 1861లో బ్రౌనింగ్ భార్య, కవయిత్రి ఎలిజబెత్ చనిపోయినప్పుడు, ఇక ఆమె రాయదు కనుక ఊరటగా ఉందన్న అర్థంలో ఫిట్జెరాల్డ్ ఒక మిత్రుడికి రాశాడు. ఆయన పోయిన ఆరేళ్లకు, 1889లో అచ్చయిన ఉత్తరాల్లో ఆ వాక్యం అలాగే వచ్చేసింది. వృద్ధుడైన బ్రౌనింగ్ చదివి, కోపం పట్టలేక ఒక పద్యం రాసి పత్రికకు పంపాడు. ఫిట్జెరాల్డ్ ఏ తీర్పునైనా మిత్రుల ఉత్తరాల్లో దాపరికం లేకుండా రాసేవాడు. ఈ ఒక్క వాక్యం మాత్రం క్రూరం.

సముద్రం, చేపల పడవ కథ ఏమిటి?

బెడ్‌ఫర్డ్ మిత్రుడు విలియం బ్రౌన్ పోయాక ఆయనకు సముద్రమే తోడైంది. ‘స్కాండల్’ (అంటే చాడీ) అని ఒక పడవ కొన్నాడు. వుడ్‌బ్రిడ్జ్‌లో ప్రధానంగా తయారయ్యే సరుకు ఆ చాడీలేనని, అందుకే ఆ పేరు పెట్టానని చెప్పేవాడు. లోస్టాఫ్ట్ రేవులో జోసెఫ్ ఫ్లెచర్ అనే జాలరిని చూసి, అతనిలోని నిజాయితీకి ముగ్ధుడై, 1867లో అతనితో భాగస్వామ్యంగా హెర్రింగ్ చేపలు పట్టే ఒక పడవ కట్టించాడు. కొన్నేళ్లకు ఆ భాగస్వామ్యం ముగిసింది. తనకు తెలిసిన గొప్ప మనుషుల్లో అతనొకడనే ఉత్తరాల్లో రాసుకున్నాడు.

సమాధి మీద గులాబీ మొక్క ఉందంటారు, నిజమా?

నిజమే. చిత్రకారుడు విలియం సింప్సన్ 1884లో ఇరాన్‌లోని నిషాపూర్‌లో ఉన్న ఖయ్యాం సమాధి దగ్గర గులాబీ కాయలు సేకరించాడు. లండన్ క్యూ ఉద్యానవనంలో విత్తనాలు మొలిపించి, 1893లో బౌల్జ్ చర్చి ఆవరణలోని ఫిట్జెరాల్డ్ సమాధి వద్ద నాటారు. నాటించింది లండన్‌లోని ఉమర్ ఖయ్యాం క్లబ్బు.

ఇంత ప్రజాదరణ ఎందుకు వచ్చింది?

కాలం కలిసొచ్చింది. 1859లోనే డార్విన్ జీవజాతుల పుట్టుక మీద పుస్తకం తెచ్చాడు. చర్చి చెప్పిన సమాధానాల మీద నమ్మకం సడలుతున్న మధ్యతరగతికి, పాపం పరలోకం అంటూ బెదిరించకుండా మృత్యువు గురించి మాట్లాడే గొంతు దొరికింది. అది దూరదేశపు వేషంలో రావడం వల్ల సందేహాలను బాహాటంగా చదువుకునే వీలు కలిగింది. శతాబ్దం మలుపు తిరిగేసరికి ఆ ఆదరణ వెర్రిగా మారింది. వెయ్యికి పైగా రత్నాలు పొదిగిన బైండింగుతో తయారుచేసిన ఒక ప్రతి 1912లో టైటానిక్ ఓడతో పాటే మునిగిపోయింది.

తెలుగులో ఖయ్యాం ఫిట్జెరాల్డ్ ద్వారానే వచ్చాడా?

కొంతవరకు. ఇంగ్లీషు చదువుల తరానికి ఖయ్యాం పేరు వినిపించింది ఫిట్జెరాల్డ్ వల్లే. కాని మన కవులు అక్కడితో ఆగలేదు. నెల్లూరు ప్రాంతపు దువ్వూరి రామిరెడ్డి గారు పారశీకం నేర్చుకుని, మూలం చూసి ‘పానశాల’ రాశారు. పిఠాపురానికి చెందిన ఉమర్ ఆలీషా గారు కూడా ఖయ్యాంను తెలుగు చేశారు. ఆదిభట్ల నారాయణదాసు గారి పని అయితే మరీ అపురూపం. 1932లో వచ్చిన వారి పుస్తకంలో పారశీక మూలం, ఫిట్జెరాల్డ్ ఇంగ్లీషు, రెండింటికీ సంస్కృతంలోనూ అచ్చతెలుగులోనూ అనువాదాలు కలిసి ఉన్నాయి. మూలానికీ ఇంగ్లీషుకూ మధ్య ఎంత ఎడం ఉందో పాఠకుడే కళ్లారా చూసుకునే ఏర్పాటు అది. విజయనగరంలో హరికథలు చెప్పుకునే ఒక మహానుభావుడు ఒంటి చేత్తో చేసిన ఈ పరిశీలనకు సాటి రాగలవి ఇంగ్లీషులోనూ కొద్దిగానే ఉన్నాయి.

ఎక్కడ మొదలుపెట్టాలి?

1859 ముద్రణతో. 75 పద్యాలే కనుక ఒక సాయంత్రం చాలు, పైకి చదివితే ఇంకా మంచిది. పక్కన ‘పానశాల’ పెట్టుకుని ఒకే పద్యాన్ని రెండింటిలో వెతకండి. అది నచ్చితే అత్తార్ కావ్యానికి ఆయన చేసిన సంక్షిప్త రూపం ‘పక్షుల సభ’ చదవండి. ఆయన పోయాక 1889లో అచ్చయింది. తర్వాత ఉత్తరాలు. 1980లో నాలుగు సంపుటాలుగా వచ్చాయి. అన్నీ చదవలేకపోతే 1857లో కోవెల్‌కు కలకత్తా రాసినవైనా చదవండి: రుబాయీలు ఒక్కొక్కటిగా కుదురుకోవడం వాటిలో కనిపిస్తుంది.